చిట్టి బొమ్మలు చేస్తున్నారా? కుంచె నోట పెట్టకండి!

కాలం చేసిన తండ్రిగారి పోలిక చెడకుండా జానెడు బొమ్మ చేసి పెట్టుకోవాలని ఒకరికి వుంటుంది. గాంధీగారినో, కాళోజీగారినో, ప్రొఫెసర్ జయశంకర్‌గారినో అరచేతిలో ఇమిడేటట్లు చేసి అద్దాల బీరువాలో నిలబెట్టుకోవాలని మరొకరికి సరదా. కాస్త మట్టి, కాస్త పుట్టీ, నాలుగు రంగు ట్యూబులు, మూడు కుంచెలు వుంటే చాలు, పని మొదలుపెట్టవచ్చు. ఖర్చు తక్కువ, తృప్తి ఎక్కువ.

అయితే కొన్నాళ్ళు గడిచేసరికి "కళ్ళు లాగుతున్నాయి", "మెడ పట్టేస్తున్నది", "చెయ్యి వణుకుతున్నది" అని ఈ సరదాను వదిలేసేవారు వున్నారు. ముఖ్యంగా నలభై దాటినవారు "ఇక మన కళ్ళ పని అయిపోయింది" అనుకుని కుంచెలు కట్టగట్టి అటక మీద పెట్టేస్తారు. చాలా సందర్భాలలో ఆ అవసరం లేదు. మరోవైపు, నిజంగా భయపడవలసిన వాటికి వీరిలో చాలామంది భయపడరు.

ఈ పనిలో బాధపెట్టేవి వేరు, హాని చేసేవి వేరు. కళ్ళ లాగుడు, మెడ నొప్పి బాధపెడతాయి, పద్ధతి మార్చుకుంటే పోతాయి. నోట పెట్టిన కుంచె, పీల్చిన పొడి ఏమీ బాధపెట్టవు, చల్లగా హాని చేస్తాయి. ఈ తేడా తెలిస్తే సగం ఆరోగ్యం మీ చేతుల్లో వున్నట్లే.

పని వారికి తెలిసిన పాఠం

ఓరుగల్లు ప్రాంతం వారికి చిన్న బొమ్మలో జీవకళ చూపించటం కొత్త కాదు. జనగామ పక్కనే, హైదరాబాదు–వరంగల్లు రహదారి మీద వున్న పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి దేవతామూర్తులను తీర్చే విశ్వకర్మలు కాకతీయుల కాలం నాటి విద్యను నిలుపుకుంటూ వచ్చారు. పెంబర్తి లోహకళకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోను, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలోను వున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు రంపపు పొట్టునూ చింతగింజల జిగురునూ కలిపి బొమ్మలూ, ముఖాలూ చేస్తారు. భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్ళలోనూ, ఇప్పుడు ములుగు జిల్లాలో వున్న పాలంపేట రామప్ప గుడిలోనూ కాకతీయ శిల్పులు చెక్కిన మదనికలను చూడనివారు వుండరు. రామప్పగుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

ఇదంతా ఆరోగ్య శీర్షికలో ఎందుకంటారా? పెంబర్తి పనివారు రేకును చేత్తో పట్టుకుని కొట్టరు. లక్క పరుపు మీద దాన్ని కదలకుండా అంటించి, రెండు చేతులూ పనికి వదులుగా వుంచుకుంటారు. తీరిక వేళల్లో బొమ్మలు చేసేవారు మాత్రం ఎడమచేత బొమ్మనూ, కుడిచేత కుంచెనూ గాలిలో పట్టుకుని, రెండూ వణుకుతుంటే "నాకు నరాల బలహీనత వుందేమో" అని బెంగపడతారు!

బొమ్మ ఎంత చిన్నదంటే...

ఈ సరదా వున్నవారు ఎక్కువగా చేసే నిలువు బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. అంటే మనిషిని సుమారు 32వ వంతుకు తగ్గించారన్నమాట. ఆ లెక్కన తల 7 మిల్లీమీటర్లు. మన కంటి తెరపు ఈ కొస నుంచి ఆ కొసకు 30 మిల్లీమీటర్లయితే, బొమ్మ కన్ను ఒక్క మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరులోనే తెల్లగుడ్డూ, నల్లగుడ్డూ, పై రెప్ప నీడా రావాలి. వెంట్రుకవాసి తేడా వస్తే మెల్లకన్ను పడుతుంది, పోలిక పోతుంది. కాబట్టి పనిచేసేవారు తెలియకుండానే బొమ్మను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటారు, ఊపిరి బిగపడతారు, రెప్ప వెయ్యటం మరచిపోతారు. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

కళ్ళు పాడవుతాయా?

సన్నపని చేస్తే కళ్ళు పాడవుతాయని పెద్దలు అంటూ వుంటారు. ఎదిగిన మనిషి విషయంలో ఇది నిజం కాదు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బేలా చేస్తుంది. గంటల తరబడి అలా వుంటే ఆ కండరం అలసిపోతుంది. లాగుడు, నుదుటి నొప్పి, కాసేపు దూరపు చూపు మసకగా వుండటం అందువల్లనే. విశ్రాంతి ఇస్తే పోతాయి.

వయస్సు మీరేకొద్దీ కంటి కటకం గట్టిపడుతుంది. పదేళ్ళ పిల్లవాడు 7, 8 సెంటీమీటర్ల దూరంలో వున్న వస్తువును కూడా స్పష్టంగా చూడగలడు. నలభై ఏళ్ళ వయస్సులో ఆ దూరం 20, 25 సెంటీమీటర్లవుతుంది. యాభై వచ్చేసరికి సుమారు అరమీటరు. ఇదే చత్వారం. ఇది జబ్బు కాదు, బొమ్మలు చెయ్యటం వల్ల రాదు, మానెయ్యటం వల్ల పోదు. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది.

అయితే ఒక మెలిక వుంది. కళ్ళ పరీక్షకు వెళ్ళి "పేపరు చదవటానికి అద్దాలు కావాలి" అంటే 35, 40 సెంటీమీటర్ల దూరానికి సరిపడేవి ఇస్తారు. మీరు బొమ్మను పట్టుకునేది 25 సెంటీమీటర్ల దూరంలో! అందుకే ఆ అద్దాలతో కూడా కన్ను లాగుతుంది. ఇంట్లో టేపు తీసుకుని పని చేసేటప్పుడు కంటికీ బొమ్మకూ మధ్య దూరం కొలిపించుకోండి. ఆ కొలత డాక్టరుకు చెప్పి ఈ పనికి విడిగా అద్దాలు రాయించుకోండి. తలకు తగిలించుకునే భూతద్దం కొనేవారు, అది వస్తువును ఎంత పెద్దది చేసి చూపిస్తే అంత దగ్గరగా పెట్టుకోవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి. రెండు రెట్లు పెద్దగా చూపేది మామూలు పనికి చాలు.

ఇరవై నిముషాలకొకసారి తల ఎత్తి, ఇరవై అడుగుల అవతల వున్న చెట్టునో, గోడనో ఇరవై సెకన్లు చూడండి. పదిసార్లు నిండుగా రెప్పలు వెయ్యండి. మామూలుగా నిముషానికి పదిహేనుసార్ల దాకా వేసే రెప్పను సన్నపనిలో అందులో సగం కూడా వెయ్యం. కంట్లో ఇసుక పడినట్లు వుండటానికి అదే కారణం. కుడిచేతి వాటం వారు దీపం ఎడమవైపు పెట్టుకుంటే చేతి నీడ బొమ్మ మీద పడదు. అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ కంటికి చేరే దానిలో సుమారు మూడోవంతే. కాబట్టి వయస్సు మళ్ళినవారు దీపం విషయంలో పొదుపు చెయ్యకూడదు.

మెడ వంచకండి, బొమ్మను ఎత్తండి

మన తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా వున్నప్పుడు ఆ బరువు వెన్నెముక మీద సమంగా నిలుస్తుంది. తలను 60 డిగ్రీలు వంచితే మెడ మోయవలసిన భారం 27 కిలోల దాకా పెరుగుతుందని కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 2014లో లెక్కకట్టారు. అంటే ఎనిమిదేళ్ళ పిల్లవాడిని మెడమీద ఎక్కించుకుని కూర్చున్నట్లు!

దీనికి మందు బిళ్ళలు కాదు, రెండు ఇటుకలు. బల్లమీద రెండు ఇటుకలో, ఒక చెక్కపెట్టో పెట్టి, దానిమీద మోచేతులు ఆనించండి. బొమ్మ గడ్డం ఎత్తుకు వస్తుంది, మెడ వంగవలసిన పని వుండదు. నేలమీద బాసింపట్టు వేసుకుని పనిచేసే అలవాటు వున్నవారు గోడకు ఆనుకుని, ఎదురుగా ఎత్తయిన పీట పెట్టుకోవాలి. ముప్పావు గంటకొకసారి లేచి మంచినీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి రండి.

చెయ్యి ఎందుకు వణుకుతుంది?

వణకని చెయ్యి లోకంలో లేదు. ఆరోగ్యవంతుల చేతులు కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి కనిపించనంత సన్నగా కదులుతూనే వుంటాయి. అన్నం తినేటప్పుడు తెలియని ఆ కదలిక, ఒక మిల్లీమీటరు కన్ను దిద్దేటప్పుడు తెలుస్తుంది. సూది బెజ్జంలో ఇమిడే బొమ్మలు చేసే ఇంగ్లీషు శిల్పి విల్లార్డ్ విగాన్, గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకునే లోపు వున్న విరామంలోనే చెయ్యి కదిలిస్తానని చెప్పుకున్నారు. అంత పని మనకు అవసరం లేదు. అలాగే ఆయన ఒకసారి తాను చేసిన బొమ్మనే ఊపిరితో పాటు పీల్చేశారట. అది అసలే అవసరం లేదు!

బొమ్మను ఒక సీసా మూతకో, చెక్కముక్కకో అంటించి, ఆ చెక్కను పట్టుకోండి. రెండు చేతుల చిటికెన వ్రేళ్ళూ ఒకదానికొకటి ఆనించండి. ఒకటి వణికితే రెండోదీ దానితోపాటే కదులుతుంది కాబట్టి గీత చెదరదు. కుంచెను పీక నొక్కినట్లు పట్టుకోవద్దు. సన్నకుంచె పిడికి కాస్త గుడ్డ చుట్టి లావు చేసుకుంటే పట్టు సడలుతుంది, బొటనవ్రేలు నొప్పి తగ్గుతుంది.

వరుసగా మూడు కప్పుల టీ, బీడీ సిగరెట్లు, తిండి మానటం, నిద్రలేమి వణుకును పెంచుతాయి. ఆస్త్మాకు వాడే సాల్బుటమాల్ మందు కూడా పెంచుతుంది. మందు వేసుకున్న వెంటనే సన్నపని పెట్టుకోకపోతే సరి, మందు మాత్రం మానకూడదు. కొందరికి రెండు గుక్కలు సారా పుచ్చుకుంటే చెయ్యి నిలకడగా వుంటుంది. ఆ నిలకడ అప్పు తెచ్చుకున్న సొమ్ము వంటిది. మర్నాడు వడ్డీతో సహా వణికిస్తుంది.

కుంచె కొన నోట్లో పెడుతున్నారా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కుంచె కొన సూదిలా రావటానికి పెదవుల మధ్య పెట్టి తిప్పటం చాలామందికి అలవాటు. ఒక గంట పనిలో ఇరవై, ముప్ఫైసార్లు అలా చేసేవారున్నారు. నొప్పి వుండదు, రుచి కూడా తెలియదు. కాబట్టే ప్రమాదం.

అమెరికాలో 1917 తరువాత గడియారపు ముఖాల మీద చీకట్లో వెలిగే రేడియం రంగుతో అంకెలు వేసే ఆడపిల్లలకు కుంచె పెదవులతో మొన చేసుకొమ్మని నేర్పారు. కొన్నేళ్ళకు వారి దవడ ఎముకలు కుళ్ళిపోయాయి. చాలామంది చిన్నవయసులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1928లో న్యూజెర్సీలో అయిదుగురు యువతుల దావా రాజీతో ముగిసింది. మన ట్యూబుల్లో రేడియం లేదు. కాని సీసం, కాడ్మియం, పాదరసం వుండే రంగులు ఇంకా వున్నాయి.

ట్యూబు మీద సన్నని అక్షరాలతో రంగు గుర్తు అచ్చువేసి వుంటుంది. పి.డబ్ల్యు.1 అంటే సీసపు తెలుపు. పి.వై.34 క్రోమ్ పసుపు, అందులోనూ సీసమే. పి.ఆర్.106 పాదరసపు ఎరుపు. పి.వై.35, పి.వై.37, పి.ఆర్.108 కాడ్మియం రంగులు. వీటికి బదులు టైటానియం తెలుపు, అంటే పి.డబ్ల్యు.6 వంటివి ఎంచుకోండి. ముఖపు చాయకు అదే చాలు.

సహజ రంగులయితే నిర్భయంగా వాడవచ్చని కొందరి నమ్మకం. దీపపు మసి, గవ్వల సున్నం, నీలిమందు మాట ఎలా వున్నా, పాతకాలం నుంచి వస్తున్న ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసిన పదార్థం. హరిదళంలో పాషాణం వుంది. ఇవి కూడా సహజమైనవే. తేలు సహజం కాదూ!

కుంచె మొన రావాలంటే తడిగుడ్డ మీద తిప్పండి. లేదా ఎడమచేతి గ్లవ్ మీద తిప్పండి. రంగు కడిగే నీళ్ళ గ్లాసూ, టీ గ్లాసూ ఒకే బల్ల మీద వుండకూడదు. పని ముగించాక సబ్బుతో చేతులు కడిగాకే తిండి.

మిర్చి చేతి నియమం

మహబూబాబాద్ ప్రాంతంలో మిర్చి ఏరినవారు ఆ చేత్తో కన్ను నలుపుకోరు. ఎవరూ చెప్పనక్కరలేదు, మంటే చెబుతుంది. ఎమ్‌సీల్ వంటి రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీకి కూడా అదే నియమం కావాలి. అయితే అది వెంటనే మంట పుట్టించదు. కొన్ని నెలలు ఏమీ కాదు. ఒకరోజు వ్రేళ్ళ సందుల్లో దురద, దద్దుర్లు, రెప్పల వాపు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక జన్మలో పడదు, ఇసుమంత తగిలినా మళ్ళీ వస్తుంది. అందుచేత మొదటిరోజు నుంచే నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని కలపండి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నరుతో తుడవకండి. థిన్నరు చర్మపు జిడ్డును తీసేసి పుట్టీకి దారి చేస్తుంది.

గని కార్మికుడి నియమం

భూపాలపల్లి సింగరేణి గనుల్లో పనిచేసేవారికి పొడి సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. బొగ్గు పొడి లేవకుండా గనుల్లో నీళ్ళు చల్లుతారు. బొమ్మను ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేచే పొడికీ అదే మందు. వాటర్ పేపరు తెచ్చి నీళ్ళలో ముంచి రుద్దండి. ఎండిన మట్టిలోనూ, రాతిపొడిలోనూ ఇసుక జాతి సిలికా వుంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. పని చేసిన చోటును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ముఖానికి జేబురుమాలు కట్టుకుంటే సన్నపొడి ఆగదు, ముఖానికి గట్టిగా అంటుకునే ఎన్–95 మాస్కు కావాలి. థిన్నరు, టర్పెంటైన్ వాడేటప్పుడు మాస్కు కూడా ఆవిరిని ఆపదు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వటమే మార్గం.

సీసం కరిగించి బొమ్మలు పోతపోయటం ఇంట్లో వద్దే వద్దు. సీసానికి హాని చెయ్యని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది పెద్దవారికంటే పిల్లల మెదడును ఎక్కువ దెబ్బతీస్తుంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. అంతకు ముందు మిగిలిపోయిన పాత డబ్బాలు అటక మీద వుంటే వాటితో బొమ్మలకు రంగులు వెయ్యకండి.

కొన్ని ప్రశ్నలు – సమాధానాలు

*మా పదేళ్ళ అబ్బాయి నా పక్కన కూర్చుని బొమ్మలు చేస్తానంటాడు. చెయ్యనివ్వవచ్చా?*

చెయ్యనివ్వండి. మట్టి, నీటిరంగులు ఇవ్వండి, పుట్టీ, థిన్నరు, పదునైన కత్తి ఇవ్వవద్దు. ఎదిగే కంటికి ఎక్కువసేపు దగ్గరి పని పెడితే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం వుంది. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది.

*రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నది. పక్షవాతమా?*

బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే, మణికట్టులో నరం నొక్కుకుంటున్నదని అనుమానించాలి. పని తగ్గించి, రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఒక చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది వేరు. క్షణం ఆలస్యం చెయ్యక పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

*కంట్లో థిన్నరు చిందితే ఏం చెయ్యాలి?*

చనుబాలు, ఆముదం, తేనె ఏవీ వెయ్యకండి. రెప్పలు విడదీసి పట్టుకుని, మంచినీళ్ళ ధారతో పదిహేను, ఇరవై నిముషాలు కడిగి, తిన్నగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

డాక్టరును ఎప్పుడు చూడాలి?

చత్వారపు అద్దాలు ఏడాదికి రెండుసార్లు మారుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు వున్నా కంటి ఒత్తిడి పరీక్ష తప్పదు. ఆ జబ్బు కూడా నొప్పి లేకుండా చూపును హరిస్తుంది. పని చేసేటప్పుడు కాక, చెయ్యి ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంటే, దస్తూరీ రోజురోజుకూ చిన్నదవుతుంటే నరాల వైద్యుడిని కలవండి. వణుకుతోపాటు బరువు తగ్గటం, గుండె దడ వుంటే థైరాయిడ్ పరీక్ష అవసరం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పింది మిమ్మల్ని భయపెట్టటానికి కాదు, కుంచె చేత నిలపటానికి. అరవై అయిదేళ్ళు దాటినవారి మీద 16 దేశాల్లో జరిగిన పరిశీలనలను కలిపి, 93 వేల మందికి పైగా వివరాలతో 2023లో ఒక పరిశోధన వెలువడింది. ఏదో ఒక సరదా వ్యాపకం వున్నవారిలో దిగులు లక్షణాలు తక్కువగానూ, జీవితం మీద తృప్తి ఎక్కువగానూ వున్నట్లు అందులో తేలింది. ఉద్యోగ విరమణ చేసినవారికి, ఇంట్లో ఒంటరిగా పొద్దుపోనివారికి ఇంతకంటె చవకైన మందు దొరకదు.

అటక మీది కుంచెలు దింపండి. అద్దాలు సరిచేయించుకోండి, బల్లమీద రెండు ఇటుకలు పెట్టండి, పక్కన ఒక తడిగుడ్డ వుంచుకోండి. ఇక మీ నాన్నగారి కళ్ళలో ఆ మెరుపు ఎక్కడ పెట్టాలో నిదానంగా చూసుకోండి.